ఆదివారం పోగు

జూన్ 4, సోమవారం

కొలతల పుస్తకంలో వెనక ముప్పై పేజీలు ఖాళీగా మిగిలాయి. ఇక కొలతలు రాసుకునే పని ఎలాగూ లేదు కాబట్టి వీటిలో ఇది రాస్తున్నాను. నెలాఖరుకి దుకాణం ఖాళీ చేయాలి. ఇంటివాళ్ళు కింది గదులు పడగొట్టి మళ్ళీ కట్టుకుంటారట. కట్టుకోనీ. నా కళ్ళూ మునుపటిలా లేవు. సూదిలో దారం ఎక్కించడానికి మా ఆయన్ని పిలవాల్సి వస్తోంది. ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. దారం కొసని నోట్లో తడుపుకుని, ఒక కన్ను మూసి గురి చూసి ఎక్కించి, "ఇదిగో, స్టార్టయింది" అని సూది చేతికిస్తారు.

ఇవాళ ఒక అమ్మాయి వచ్చింది. పుస్తకాలకెక్కని మాటలన్నీ ఏరి ఒక నిఘంటువు చేస్తున్నారట. రిటైరైన పోస్ట్‌మాన్ ఆమెకి ఒక మాట చెప్పి, దాని సంగతంతా దర్జీ అమ్మకే తెలుసు పొమ్మన్నాడట.

"పోగు అంటే ఏంటండీ?" అంది.

ఆ మాట ఇంకొకరి నోట విని పదేళ్ళు దాటింది. చేతిలో కత్తెర కింద పెట్టేశాను. ఆదివారం మధ్యాహ్నాలు మా దుకాణంలో నలుగురం చేరి పాటలు పాడుకునేవాళ్ళమని, ఆ చేరడానికి మేం పెట్టుకున్న పేరు అదని చెప్పాను.

"ఆ పేరు ఎవరు పెట్టారండీ?"

"నేనే."

"ఎలా తట్టింది?"

"ఒక్కో గొంతూ ఒక్కో దారప్పోగమ్మా. విడిగా చూస్తే అందులో ఏముంది? అన్నీ కలిస్తేనే గుడ్డ."

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ ముక్క రెండుసార్లు చెప్పించుకుని రాసుకుంది. ఇంత బాగా మాట్లాడగలనని నాకే తెలియదు. మా ఆయన మూల కూర్చుని బొత్తాలు రంగుల వారీగా వేరు చేస్తున్నారు. తలెత్తి ఒకసారి నన్ను చూశారు.

జూన్ 5, మంగళవారం

పొద్దున్నుంచీ అవే గుర్తొస్తున్నాయి.

ఆదివారం షట్టరు సగం దించి పెట్టేదాన్ని. గిరాకీ వస్తే వంగి రావాలి, అయినవాళ్ళైతే వంగి వస్తారు. మొదట్లో పాటలూ లేవు, ఏమీ లేవు. అంచులు మడిచి కుట్టడానికి, బొత్తాలు వేయడానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు నలుగురైదుగురు వచ్చేవారు. చేతులకి పనుంటే నోరు ఊరుకోదు కదా. ఒకామె వాళ్ళ అమ్మమ్మ నీళ్ళు తోడుతూ పాడిన పాట అందుకునేది. ఇంకొకామె అదే పాటని మా ఇంట్లో ఇలా కాదు అలా పాడతారని పోట్లాడేది. పోట్లాట తేలేదాకా రెండూ పాడాల్సిందే. అలా మొదలైంది.

పోస్ట్‌మాన్ సెలవురోజైనా వచ్చి గడప మీద కూలబడి మూటలు మోసేవాళ్ళ పాటలు పాడేవాడు. వాటిలో మూడో చరణానికల్లా ఏదో ఒక బూతు తగిలేది. ఆడవాళ్ళ ముందు అనలేక అక్కడికి రాగానే దగ్గేవాడు. "ఈ చరణంలో దగ్గు రెండుసార్లు వస్తుందమ్మా" అని ముందే చెప్పేవాడు. చివరికి ఆ దగ్గు కూడా పాటలో భాగమైపోయి, అందరం కలిసి తాళం తప్పకుండా దగ్గేవాళ్ళం. మా ఆయన డిపో నుంచి వచ్చి, నూనె చేతులు కడుక్కుని డోలక్ ముందేసుకునేవారు. నేను కత్తెరతో టకటకమని తాళం వేసేదాన్ని. చివరి చివర్లో పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం. పట్టేది ఎనిమిది మందికి.

పుస్తకం లేదు, గురువు లేడు. ఎవరికి ఏ చరణం గుర్తుంటే అది. మధ్యలో మాట మర్చిపోతే అప్పటికప్పుడు అల్లేసేవాళ్ళం. ఒకసారి నేను కుట్టిన కాలరు వంకర పోయిందని నా మీదే ఒక చరణం కట్టారు. ఆ చొక్కా గిరాకీకి ఇస్తుంటే నవ్వు ఆపుకోలేక చచ్చాను.

చెల్లి ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేది.

తర్వాత పోస్ట్‌మాన్‌కి బదిలీ అయింది. దాంతో ఆగిపోయింది.

జూన్ 6, బుధవారం

రెండు ప్యాంట్ల అంచులు. ఒక జిప్పు. పోస్ట్‌మాన్ బదిలీ వల్లే ఆగిపోయింది.

జూన్ 9, శనివారం

భోజనాల దగ్గర మా ఆయన కదిపారు.

"ఆ పిల్లకి ఎందుకలా చెప్పావు?"

"ఎలా చెప్పాను?"

"పోగు నీ మాట అని."

"నాది కాకపోతే మీదా?"

"నాది కాదు. ఎవరిదో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"అప్పుడు అందరం ఉన్నాం. ఎవరో ఒకరు అని ఉంటారు."

"ఆ ఎవరో ఒకరి పేరే చెప్పాల్సింది."

నేను లేచి గిన్నెలు తోమాను. అవి తోమిన గిన్నెలే.

జూన్ 10, ఆదివారం

మధ్యాహ్నం మూడు. షట్టరు సగం దించి కూర్చున్నాను, ఊరికే. ఒకాయన వంగి లోపలికి వచ్చి, "మూసేశారా?" అని అడిగాడు. మూసేశామన్నాను.

జూన్ 14, గురువారం

నిఘంటువు అమ్మాయి కాగితం పంపింది. సరిచూసి, కింద సంతకం పెట్టి తిప్పి పంపాలట. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దింపుతున్నాను.

పోగు: ఇంట్లోనో దుకాణంలోనో సెలవురోజు చేరి, వాయిద్యం ఉన్నా లేకున్నా, ఎవరికి వచ్చిన పాట వారు పాడుకునే కూడిక. దర్జీ పనివారి మాట. ఒక్కో గొంతును ఒక్కో దారప్పోగుతో పోల్చడం వల్ల వచ్చింది. మొదట అన్నవారు: ఒక దర్జీ. ప్రస్తుతం వాడుకలో లేదు.

ఎంత బాగా రాసిందో. నాలుగుసార్లు చదువుకున్నాను. మా ఆయనకి చూపించలేదు.

జూన్ 15, శుక్రవారం

సంతకం పెట్టలేదు. పెన్ను రాయలేదు.

జూన్ 16, శనివారం

పెన్ను బాగానే రాస్తుంది.

జూన్ 19, మంగళవారం

దుకాణం సర్దుతుంటే పాత కొలతల పుస్తకాలు అటక మీద నుంచి దిగాయి. పాతిక దాకా ఉన్నాయి. ఊరికే తిరగేస్తున్నాను. ఈ ముంజేయి ఎవరిదో, ఆ నడుము ఎవరిదో. కొందరు పోయారు, అంకెలు ఉన్నాయి. ఒక పేజీలో నా రాత:

"చెల్లి. ఛాతీ 33, నడుము 28, భుజం 13½. మెడ పైకి, పూర్తిగా మూసి. ఏడు జాకెట్లు."

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇది నా కోసం నేను రాసుకుంటున్న పుస్తకం. ఇందులో కూడా అబద్ధమేనా?

ఉన్నది రాస్తాను.

ఆ మాట చెల్లిది. అప్పుడు మా దుకాణంలో ఇస్త్రీ అంతా తనే చేసేది. ఆ ఆదివారం ఏవో స్కూలు బట్టలు అరవై జతలు మర్నాటికి ఇచ్చేయాలి. చెల్లి మడత పెట్టి వరసగా పేర్చిన చొక్కాల మీద ఎవరో కాలేశారు. ఇస్త్రీ పెట్టె ఠక్కున నిలబెట్టి అరిచింది: "ఏంటిది! పనీపాటా లేనట్టు అందరూ ఇక్కడే పోగా?" పోస్ట్‌మాన్ గడప మీద నుంచి, "పని లేదు గానీ పాట ఉందమ్మా" అన్నాడు. చెల్లికే ముందు నవ్వొచ్చింది. మర్నాటి నుంచి "ఈ ఆదివారం పోగా?" "పోగే!" ఇంతే. దారప్పోగూ లేదు, గుడ్డా లేదు. అది తిట్టు.

నవ్వింది నవ్వి, పెట్టె పక్కకి జరిపి పాట అందుకుంది చెల్లి. అసలు పోగు అంటే చెల్లి గొంతే. నా గొంతు పీలగా పైన తిరుగుతుంది. తనది నిండుగా వీధి చివరి దాకా వినిపించేది. దారిన పోయేవాళ్ళు సైకిలు దిగేవాళ్ళు. పల్లవి తనది, వెనక వంత మాది. ఇష్టమైన పాట ఒకటి ఉండేది:

సూదమ్మ ముందెళ్తే దారమ్మ వెనకాల
దారమ్మ ఆగితే సూదమ్మ ఒంటరి

తర్వాత తనకి గొంతు దగ్గర గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. మనిషి దక్కింది, గొంతు పోయింది. పూర్తిగా పోలేదు, బొంగురుపోయింది. "మెడ కనపడకుండా కుట్టవే అక్కా" అంది. ఏడు జాకెట్లు కుట్టాను. ఎలా ఉందే అని ఒక్కసారి కూడా అడగలేదు. అంగుళాలు మాత్రం అడిగాను.

ఆరు నెలలకి మళ్ళీ పోగుకి వచ్చి కూర్చుంది. సూదమ్మ పాట అందుకుంది. రెండో మాట దగ్గరే గొంతు చీలిపోయింది. ఆపి మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ చీలింది. గది నిండా జనం. నేను నవ్వుతూ, నవ్వుతూనే అన్నాను: "నువ్వు చప్పట్లు కొట్టవే, చాలు. పాట పాడైపోతోంది."

కొందరు నవ్వారు. పోస్ట్‌మాన్ నవ్వలేదు. ఆ పల్లవి నేనే అందుకున్నాను. అందుకోవాలని ఎన్నేళ్ళ నుంచి ఉందో ఆ క్షణంలోనే నాకు తెలిసింది. అది కూడా రాయాలి, రాశాను. చెల్లి పాట అయిపోయేదాకా చప్పట్లు కొట్టింది. తాళం ఒక్కచోట కూడా తప్పలేదు.

మరుసటి ఆదివారం రాలేదు. నెల తిరక్కుండా వేరే ఊళ్ళో పని చూసుకుని వెళ్ళిపోయింది. ఇంకో నాలుగు వారాలు నేనే పల్లవులు పాడాను. వచ్చేవాళ్ళు పద్నాలుగు మంది తొమ్మిదయ్యారు, తొమ్మిది మంది నలుగురయ్యారు. పోస్ట్‌మాన్ బదిలీ ఆ మరుసటి ఏడు.

పదకొండేళ్ళు. మధ్యలో రెండుసార్లు ఎదురుపడ్డాం, రెండుసార్లూ చావు ఇళ్ళలోనే.

జూన్ 20, బుధవారం

"చెల్లి ఎక్కడ పనిచేస్తోందో తెలుసుకోవాలి. ఎవర్ని అడగను?" అన్నాను.

"నన్నడుగు," అన్నారు మా ఆయన. "పెద్దాసుపత్రి లాండ్రీలో. బస్సులో నాలుగు గంటలు."

"మీకెలా తెలుసు?"

"అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితే కదా."

కోపం వచ్చింది. నిలవలేదు. కాసేపాగి, "వెళ్తే ఆదివారం వెళ్ళు. మధ్యాహ్నం," అన్నారు. ఎందుకని అడిగితే, "తీరిగ్గా ఉంటుంది" అని మళ్ళీ బొత్తాల మీద పడ్డారు.

జూన్ 24, ఆదివారం

తిరుగు బస్సులో రాస్తున్నాను. అక్షరాలు గెంతుతున్నాయి.

లాండ్రీ ఆసుపత్రి వెనక ఉంది. గేటు దగ్గర స్టూలు మీద కాపలాదారు. మా చెల్లి ఆనవాలు చెప్పాను, బొంగురు గొంతు, కుడి చేతి మీద ఇస్త్రీ పెట్టె కాలిన మచ్చ అని.

"ఆవిడా? మడతల గదిలో ఉంటారమ్మా. ఇవాళ పోగు కదా."

నేను సరిగ్గా వినలేదనుకున్నాను. "ఏంటది?"

"పోగు. పాటలు పాడుకుంటారు, ఆదివారం ఆదివారం."

"ఆ పేరు ఎవరు పెట్టారు?"

"పెట్టడమేంటమ్మా?" అన్నాడు, తెలివితక్కువ ప్రశ్న విన్నట్టు. "దాని పేరే అది."

పొడుగాటి గది. కిటికీలన్నీ తీసి ఉన్నాయి. ఉతికిన బట్టల ఆవిరి వాసన. పాతిక మంది పైనే ఉంటారు. లాండ్రీవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, ఒక నర్సమ్మ, కాలికి కట్టుతో ఒక పెద్దాయన. సగం మంది పాడుతూనే దుప్పట్లు మడుస్తున్నారు. ఇద్దరు చెరో కొస పట్టుకుని, పల్లవికి దగ్గరికొచ్చి అంచులు కలిపి, చరణానికి దూరం జరుగుతున్నారు. డోలక్ లేదు, బోర్లించిన ప్లాస్టిక్ డ్రమ్ము మీద ఒకామె దరువేస్తోంది. మధ్యలో మా చెల్లి. జుట్టు బాగా నెరిసింది. మెడ దగ్గర బొత్తాం విప్పేసి ఉంది, సన్నటి తెల్ల గీత కనిపిస్తోంది. పల్లవి తనే పాడుతోంది.

గొంతు బాగుపడలేదు. అదే బొంగురు. కానీ ఇప్పుడు పైకి ఎక్కాలని చూడటం లేదు. బరువైన పెట్టెని నేల మీద నెమ్మదిగా జరిపినట్టు కిందెక్కడో నడుస్తోంది. గది గదంతా దాని దగ్గరికి దిగి పాడుతోంది. ఆడపిల్లలు కూడా ఆ కింది గొంతే పట్టుకున్నారు. ఇంత సులువా, అనుకున్నాను. ఆ రోజు మేమందరం ఒక మెట్టు దిగి ఉంటే సరిపోయేది. ఎవరికీ తట్టలేదు. నాకు తట్టలేదు.

చెల్లి నన్ను చూసింది. పాట ఆపలేదు. చరణాలన్నీ పూర్తిచేసి, లేచి వచ్చి అడిగింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదే."

"బావ బాగున్నాడా?"

"బాగున్నారు."

"మరెందుకొచ్చావు?"

కాగితం తీశాను. తనకి కళ్ళజోడు లేదు, చదవమంది. చదివాను. అందరూ వింటున్నారు. "ఒక్కో గొంతును ఒక్కో దారప్పోగుతో" దగ్గరికి రాగానే చెల్లి పకపకా నవ్వింది.

"దారప్పోగా! నీ మొహం. నా చొక్కాలు తొక్కుతుంటే తిట్టానే నేను!"

"నాకు తెలుసు. ఆ పిల్లకి నేను అబద్ధం చెప్పాను."

నవ్వు ఆగింది. నేను ఆగితే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుసు. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. అందుకే గొంతు పెంచి చెప్పాను. "ఆ రోజు నిన్ను చప్పట్లు కొట్టమన్నాను. నీ గొంతు పోయిందని కాదు. నీ పాట నాకు కావాలని. తప్పు చేశాను."

డ్రమ్ము దగ్గరామె తల దించుకుంది. చెల్లి ఒక దుప్పటి తీసి రెండో కొస నా చేతిలో పెట్టింది. మడిచాం. ఇంకోటి తీసింది. అదీ మడిచాం.

"ఇక్కడికొచ్చాక రెండేళ్ళు నోరెత్తలేదు అక్కా," అంది చివరికి. "మిషన్ల రొదలో ఎవరికీ వినపడదని ఒకరోజు కూనిరాగం తీశాను. పక్కనామె విని అందుకుంది. అంత కిందికి ఎలా వెళ్తావు, నేర్పమంది. నేర్పమంది! నాకు ఏడుపొచ్చింది." దుప్పటి మూల సరిచేసింది. "నువ్వొచ్చి ఒక్క మాటంటే అంతా తీరిపోతుందా? నాకేం తెలీదు. భోంచేశావా?"

"లేదు."

"పద, తిందువుగాని. నాలుగున్నరకి బస్సుంది."

తిన్నాను. గేటు దాకా వచ్చింది. బస్సు వచ్చేదాకా తను లోపలికి వెళ్ళిపోలేదు. బస్సు కదులుతుంటే కిటికీ మీద కొట్టి, "బావని కూడా తీసుకురా" అంది.

అంటే నన్ను కూడా రమ్మన్నట్టే కదా? మా ఆయన్ని అడగాలి.

జూన్ 26, మంగళవారం

కాగితం దిద్ది పంపించాను. దారప్పోగు సంగతంతా కొట్టేశాను. మొదట అన్నవారు దగ్గర: "నా చెల్లెలు, ఇస్త్రీ చేసేది. కోపంలో తిట్టింది." ప్రస్తుతం వాడుకలో లేదు అన్నదాన్ని అడ్డంగా గీసేసి లాండ్రీ చిరునామా రాశాను. ఆ అమ్మాయి ఫోన్ చేసింది. దారప్పోగు చాలా బాగుందండీ, తీసేయాలంటే మనసు ఒప్పడం లేదు అంది.

"బాగానే ఉంటుందమ్మా, అబద్ధం కదా," అన్నాను.

జూన్ 30, శనివారం

తాళాలిచ్చేశాం.

జూలై 1, ఆదివారం

ఇద్దరం వెళ్ళాం. నాలుగు గంటలూ ఆయన డ్రైవరు గేరు మార్చే పద్ధతిని తిడుతూనే ఉన్నారు. లాండ్రీలో డోలక్ దించగానే అందరూ ఆయన చుట్టూ మూగారు. చెల్లి పిలుపే పట్టుకుని బావా బావా అని ఒకటే సందడి. నన్నెవరూ పట్టించుకోలేదు. చెల్లి తల ఊపి వెనక వరసలో చోటు చూపించింది. కూర్చున్నాను.

పాట మొదలైంది. తెలియని పాట కాదు, కానీ ఆ స్థాయికి నా గొంతు దిగదు. అందుకుంటే గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను, ఏదో గరగరమంది. ముందు వరసవాళ్ళు ఇద్దరు తిరిగి చూశారు. నలభై ఏళ్ళు పాడినదాన్ని. చెల్లి చూసింది. నేను నోరు మూసుకున్నాను.

నా పక్కన దుప్పట్లు మడిచే ఒక అమ్మాయి కూర్చుంది, పాతికేళ్ళుంటాయేమో. పల్లవికీ చరణానికీ మధ్య నా చెవి దగ్గరికి వంగింది.

"భయపడకండి పెద్దమ్మా. కొత్తలో అందరికీ ఇంతే. నా పక్కనే కూర్చుని నాతో పాటు అనండి, నెమ్మదిగా వస్తుంది. కొత్త కదా మీరు?"

"అవునమ్మా, కొత్తే," అన్నాను. తను ఎత్తుకోగానే వెనకే అందుకున్నాను.